వర్క్‌షాప్ ల్యాప్‌టాప్‌ల్లో ల్యాబ్‌వ్యూ: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల్లో ల్యాబ్‌వ్యూ (బ్లాకులు కలిపి కొలతల ప్రోగ్రాంలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) వర్క్‌షాప్‌లు చేస్తుంటాను. పిల్లలు ఎక్కువగా సొంత ల్యాప్‌టాప్‌లే తెచ్చుకుంటారు. ఎక్కడికి వెళ్లినా వినిపించే మాటలివి.

అపోహ: ఐకాన్ వచ్చిందంటే ఇన్‌స్టాలేషన్ అయిపోయినట్టే.

వాస్తవం: ల్యాబ్‌వ్యూ వేరు, పరికరాన్ని గుర్తుపట్టే డ్రైవర్ వేరు. యూఎస్‌బీ-6009 లాంటి డాక్ పరికరానికి (సెన్సర్ల సిగ్నళ్లని కంప్యూటర్‌కి అందించేది) డాక్‌ఎంఎక్స్ అనే డ్రైవర్, సీరియల్ పోర్టుకి వీసా అనే డ్రైవర్ విడిగా వేసుకోవాలి. డాక్‌ఎంఎక్స్ మీ ల్యాబ్‌వ్యూ వెర్షన్‌కి సరిపడనిదైతే ప్యాలెట్‌లో (బ్లాకులు ఎంచుకునే మెనూలో) దాని బ్లాకులే కనిపించవు. తక్కువ ధర ఆర్డునో బోర్డుల్లో (సెన్సర్లు తగిలించే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డులు) చాలావాటికి యూఎస్‌బీతో మాట్లాడే సీహెచ్340 చిప్ ఉంటుంది. దాని డ్రైవర్ లేకపోతే ల్యాప్‌టాప్‌లో ఆ బోర్డుకి కామ్ పోర్టు (సీరియల్ పోర్టు) రాదు, పిల్లలేమో కేబుల్ పాడైందని టెన్షన్ పడుతుంటారు.

అపోహ: షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే రీస్టార్ట్ అయినట్టే.

వాస్తవం: కాదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా సిస్టమ్ పూర్తిగా కొత్తగా మొదలవదు. డ్రైవర్ వేశాక రీస్టార్టే నొక్కాలి.

అపోహ: సాఫ్ట్‌వేర్ ఆ రోజే కాలేజీ వైఫైలో దించుకోవచ్చు.

వాస్తవం: ఇన్‌స్టాలర్ కొన్ని జీబీలు ఉంటుంది. క్లాసంతా ఒకేసారి మొదలుపెడితే ఉదయం సెషన్ దానికే పోతుంది. ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్‌ని పెన్‌డ్రైవ్‌ల్లో పట్టుకెళ్లండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోండి.

అపోహ: కమ్యూనిటీ ఎడిషన్ ఉచితమే కదా, అదే వేసేద్దాం.

వాస్తవం: 2020లో వచ్చిన ఆ ఎడిషన్ సొంతంగా, వ్యాపారం కాని పనులకు వాడుకునేవాళ్ల కోసం. ఇంజనీరింగ్ కాలేజీ పాఠాలకు దాన్ని వాడకూడదు. కాలేజీకి అకడమిక్ లైసెన్స్ ఉందేమో ముందే హెచ్‌ఓడీ గారిని అడగండి. పిల్లలకి మనం నేర్పే మొదటి పనే లైసెన్స్ షరతులు తప్పడం కాకూడదు.

అపోహ: స్క్రీన్ మీద నంబరు వచ్చింది కాబట్టి కొలత సరైనదే.

వాస్తవం: నాకు అన్నిటికంటే బాధ కలిగించే నమ్మకం ఇది. ఎల్‌ఎం35 అనే ఉష్ణోగ్రత సెన్సర్ సెల్సియస్ డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. గదిలో 30 డిగ్రీలుంటే 300 మిల్లీవోల్టులు. ఆర్డునో ఊనో 0 నుంచి 5 వోల్టుల్ని 1024 మెట్లుగా చేసి చదువుతుంది. కానీ ఆ 5 వోల్టులు వచ్చేది ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి. అక్కడ 4.75 వోల్టులే ఉంటే బోర్డు 64 అని చదువుతుంది, ప్రోగ్రాం 5 వోల్టులే ఉన్నాయనుకుని దాన్ని 31.25 డిగ్రీలుగా చూపిస్తుంది. అదే సెన్సర్, అదే బోర్డు, పక్క ల్యాప్‌టాప్‌లో ఇంకో సంఖ్య. ఇన్‌స్టాలేషన్‌లో లోపమేమీ లేదు, అయినా కొలత తప్పు.

అందుకే డ్రైవర్లు వేశాక ప్రతి ల్యాప్‌టాప్ దగ్గరా బోర్డు 5వీ పిన్‌ని మల్టీమీటర్‌తో కొలిపించి, వచ్చిన విలువనే ఫార్ములాలో పెట్టిస్తాను. తర్వాత ఒకే సెన్సర్‌ని అన్ని ల్యాప్‌టాప్‌లకీ మార్చి మార్చి పెట్టి చూస్తాం. రీడింగులు అర డిగ్రీ తేడాలో కలిశాకే పాఠం మొదలుపెడతాను.