సప్లీ ఎప్పుడైనా రాసుకోవచ్చన్న మాట నమ్మకండి

జేఎన్‌టీయూహెచ్ అనుబంధ ఇంజినీరింగ్ కాలేజీలో పదహారేళ్లుగా ఎగ్జామ్ బ్రాంచ్‌లో పనిచేస్తున్నాను. రిజల్ట్స్ వచ్చిన వారం కిటికీ దగ్గర తల్లిదండ్రులు అడిగేది ఒకటే. "మావాడు బీటెక్‌లో చేరి ఆరేళ్లయింది సార్. పట్టా ఇంకా రాలేదు. యూనివర్సిటీవాళ్లు కావాలనే ఫెయిల్ చేస్తున్నారంట కదా?"

ఎవరూ కావాలని ఫెయిల్ చేయరు. పేపర్ దిద్దేవాళ్లకు పిల్లల పేర్లు కనపడవు. అనుమానముంటే గడువులోపు రీవాల్యుయేషన్‌కు పెట్టుకోండి. ఈ పుకారు పట్టుకుని తిరిగితే ఇంకో పరీక్ష నోటిఫికేషన్ పోతుంది, అంతే.

అసలు కొంప ముంచేది "ముందు నాలుగేళ్లు గడవనీ, సప్లీలు (పోయిన సబ్జెక్టులకు రాసే సప్లిమెంటరీ పరీక్షలు) ఎప్పుడైనా రాసుకోవచ్చు" అన్న మాట. సీనియర్లు చెబుతారు, జూనియర్లు నమ్ముతారు.

పోయిన దసరా సెలవుల తర్వాత ఒక తండ్రి కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. మెకానికల్ అబ్బాయి. "ఒక్క సబ్జెక్టే కదా సార్, ఇన్నేళ్లా?" అన్నాడాయన. రికార్డు తీశాను. ఎం-1, ఎం-2 (రెండూ ఫస్ట్ ఇయర్ మ్యాథ్స్ పేపర్లే), థర్మోడైనమిక్స్, ఇంకోటి. మొత్తం నాలుగు. ఎం-1కి ఇప్పటిదాకా తొమ్మిది నోటిఫికేషన్లు వస్తే వాడు రాసింది మూడుసార్లు. మిగతా ఆరుసార్లు ఫీజే కట్టలేదు. అబ్బాయి తలెత్తలేదు. మర్నాడు ఒక్కడే వచ్చి చెప్పాడు: "ఇంట్లో ఫీజు అడిగితే ఏ సబ్జెక్టుకని అడుగుతారు సార్. నాలుగున్నాయని ఎలా చెప్పను?"

ఏళ్లకేళ్లు పోయేది ఇక్కడే. రాసి ఫెయిలైనవాళ్ల కంటే, భయంతోనో సిగ్గుతోనో అసలు రాయనివాళ్లనే నేను ఎక్కువ చూశాను. వాళ్లను సోమరులంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇంట్లో చెప్పలేక నలిగిపోతున్న పిల్లలు వాళ్లు.

వాయిదా వేసేకొద్దీ పేపర్ తేలికవదు. థర్డ్ ఇయర్‌లో రెగ్యులర్ పరీక్షలకే ఊపిరాడదు, వాటి మధ్యలో ఫస్ట్ ఇయర్ మ్యాథ్స్ కూడా రాయాలి. కోర్సు అయిపోతే పక్కన కూర్చుని చెప్పే స్నేహితుడు ఉండడు. ఈలోగా రెగ్యులేషన్, అంటే యూనివర్సిటీ సిలబస్, నిబంధనలు మారతాయి. ఆర్18 రెగ్యులేషన్‌లో చేరిన పిల్లలు పాత సిలబస్‌లోనే రాయాలి, క్లాసులో మాత్రం కొత్తది నడుస్తుంటుంది. పైగా గడువుంది: చేరిన ఏడాది నుంచి ఎనిమిది విద్యా సంవత్సరాల్లో డిగ్రీ పూర్తి చేయాలి. డిప్లొమా చేసి, ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి నేరుగా సెకండ్ ఇయర్‌లో చేరినవాళ్లకైతే ఆరేళ్లే. దాటితే సీటు పోతుంది. యూనివర్సిటీలు అప్పుడప్పుడు వన్ టైమ్ ఛాన్స్ ఇస్తాయి, నిజమే. కానీ అది వాళ్లు దయతలిస్తే వచ్చేది. దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

అటెండెన్స్ మీద కూడా ఇలాంటి భ్రమే ఉంది. కండోనేషన్ ఫీజు, అంటే తగ్గిన హాజరును మన్నించడానికి కట్టే ఫీజు, కడితే ఎంత తక్కువున్నా సరిచేస్తారనుకుంటారు. 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం, మెడికల్ సర్టిఫికెట్ చూపించి ఫీజు కట్టవచ్చు. 65 కంటే తగ్గితే డిటైన్, అంటే ఆ సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు, ఎవరి సిఫార్సూ పనిచేయదు. సబ్జెక్ట్ పోతే పై సెమిస్టర్ చదువుతూ రాసుకోవచ్చు. డిటైన్ అయితే అదే సెమిస్టర్ మళ్లీ వచ్చేదాకా ఆగాలి, అంటే నిండా ఏడాది. నాలుగు రోజుల హాజరు కోసం ఏడాది పోగొట్టుకున్నవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఇక బ్యాక్‌లాగ్ (పాసవ్వకుండా మిగిలిన సబ్జెక్టు) ఉంటే తెలివిలేనివాడే అన్నది ఒట్టి మాట. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చి, ఫస్ట్ సెమిస్టర్‌లో మూడు పోగొట్టుకుని, ఫోర్త్ ఇయర్‌కల్లా అన్నీ దాటేసిన పిల్లలు మా దగ్గర ఏటా ఉంటారు.

తల్లిదండ్రులకు నా మాట ఒకటే. హాల్‌టికెట్ నంబర్ తీసుకుని అన్ని సెమిస్టర్ల రిజల్ట్స్ పిల్లల పక్కన కూర్చుని చూడండి. ఎన్ని పోయాయో తెలిశాక ఆ రోజుకు ఒక్క మాటా అనకండి. ఫీజుకు ఆఖరి తేదీ ఎప్పుడో అడగండి చాలు.

ఆ మెకానికల్ అబ్బాయి తర్వాతి నోటిఫికేషన్‌లో నాలుగూ రాశాడు. రెండు గట్టెక్కాయి, ఎం-1 కూడా. మిగిలిన రెండింటికి ఫీజు కట్టడానికి మొదటి రోజే వచ్చాడు. ఈసారి డబ్బులు తండ్రే లెక్కపెట్టి ఇచ్చాడు.