మన పేటకి షాపింగ్ కాంప్లెక్స్ వస్తోంది: అపోహలు, వాస్తవాలు

అంబపువా, లోచాపడా, అంకులి... ఒడిశాలోని మన బరంపురం పెరుగుతున్న ఏ వైపుకి వెళ్లినా ఇప్పుడు ఇదే ముచ్చట. నిన్నటి మడికి రేకుల కంచె పడింది, లోపల జేసీబీ తిరుగుతోంది, బయట బోర్డు మీద అద్దాల మేడ బొమ్మ. "ఇక బట్టలకీ సరుకులకీ బడాబజారు దాకా పోనక్కర్లేదు" అని ఇంట్లో ఒకరు సంతోషిస్తే, "ఇక వీధిలోంచి బండి తీసినట్టే" అని ఇంకొకరు విసుక్కుంటారు. ఇద్దరి మాటా నిజమయ్యేదే. ఎవరి మాట ఎక్కువ నిజమవుతుందో తేల్చేవి మాత్రం ప్లాన్ కాగితం మీదుండే నాలుగైదు అంకెలు: జాగా లెవెల్ ఎంత, కాలువ ఎక్కడ కలుస్తుంది, బండ్లు ఎక్కడ నిలుస్తాయి, సరుకు లారీ ఎటునుంచి వస్తుంది. బిల్డింగ్ ప్లాన్ల పనిలో ఉన్న మా చెవిన తరచూ పడే మాటలు కొన్ని తీసుకుని, వాటిలో నిజమెంతో చూద్దాం.

అపోహ: సెల్లార్ పార్కింగ్ ఉంది కాబట్టి రోడ్డు మీద బండ్లు ఉండవు.

సెల్లార్ ఉండటం వేరు, అందులోకి బండి దిగడం వేరు. కార్లు దిగే ర్యాంపుకి వాలు 10కి 1 ఉండాలి. సెల్లార్ నేల 3 మీటర్ల లోతున ఉంటే ర్యాంపు పొడవు 30 మీటర్లు కావాలి. జాగా లోతే 25 మీటర్లున్నప్పుడు అంత పొడవు ఎక్కణ్నుంచి వస్తుంది? ర్యాంపుని మలుపు తిప్పాలి, లేదా వాలు పెంచాలి. ఎక్కువమంది వాలు పెంచేస్తారు. 6కి 1 వాలుంటే, వాన పడిన రోజు స్కూటీ మీద సంచీతో వచ్చినావిడ అందులోకి దిగదు. గేటు పక్కనే స్టాండు వేసి వెళ్తుంది. ఆమె పక్కన ఇంకో పది బండ్లు.

ఈ వాలు మీరే కొలుచుకోవచ్చు. మీటరు పొడవున్న తిన్నని కర్రని ర్యాంపు మీద ఒక కొసన ఆనించి, స్పిరిట్ లెవెల్‌తో సమంగా పట్టుకోండి. రెండో కొస దగ్గర కర్రకీ నేలకీ మధ్య 10 సెంటీమీటర్లుంటే సరిగ్గా ఉన్నట్టు. 16 దాటితే ఆ సెల్లార్ కొన్నాళ్లకి గోడౌనే.

ఇంకో లెక్క. కారు నిలిచే చోటు 2.5 మీటర్లు, 5 మీటర్లు. కానీ తిరిగే దారి, స్తంభాలు కలిపితే సెల్లార్‌లో ఒక్కో కారుకి సుమారు 32 చదరపు మీటర్లు పడుతుంది, ఆరుబయట అయితే 23. అంటే 640 చదరపు మీటర్ల సెల్లార్‌లో పట్టేవి 20 కార్లే. మన ఊళ్లో వచ్చే బండ్లలో బైకులే ఎక్కువ. బైకుకి 1 మీటరు వెడల్పు, 2 మీటర్ల పొడవు చాలు కాబట్టి, గేట్లోంచి కనబడేలా నేల మీదే 60 బైకుల చోటు అడగడం సెల్లార్ అడగడం కన్నా తెలివైన పని. సరుకు దించడానికి 3.5 మీటర్ల వెడల్పు, 7.5 మీటర్ల పొడవున్న బే, అంటే లారీ నిలిచే చోటు, విడిగా ఉండాలి. అది లేకపోతే లారీ రోడ్డు మీదే ఆగుతుంది. సరిగ్గా స్కూలు బస్సు వచ్చే వేళకే ఆగుతుంది!

అపోహ: పెద్ద బిల్డింగు వస్తే సిమెంటు కాలువ కూడా వస్తుంది, మనకి వాన నీటి బాధ తీరుతుంది.

మేం ఎక్కువగా భయపడేది దీనికే. అర ఎకరం జాగా తీసుకుందాం, అంటే 50 డిసిమిళ్లు. (ఇచ్ఛాపురం వైపు సెంటు అనేదీ, మనం డిసిమిల్ అనేదీ ఒకటే, ఎకరంలో నూరో వంతు.) సుమారు 2,000 చదరపు మీటర్లు. అది మడిగా ఉన్నప్పుడు చుట్టూ 15 సెంటీమీటర్ల గట్టు ఉండేది. నిండితే 3 లక్షల లీటర్లు అక్కడే ఆగేవి. ఎవరూ కట్టించని చెరువు అది. ఇప్పుడు దాన్ని రోడ్డు కన్నా రెండు మూడు అడుగులు ఎత్తు చేసి, పైన కప్పూ పేవర్ టైల్సూ పరిచారు. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే పడేది లక్ష లీటర్లు, అందులో 90 వేల దాకా బయటికి పారుతుంది. పది వేల లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది తెచ్చి గంటలో మీ వీధిలో ఒంపినట్టు.

కాలువ కట్టారా లేదా అని కాకుండా, అది చివరికి ఎక్కడ కలుస్తుందని అడగండి. 200కి 1 వాలు ఇవ్వాలంటే 100 మీటర్లకి అర మీటరు దిగాలి. కలిసే నాలా అడుగు దీని అడుగు కన్నా ఎత్తుగా ఉంటే నీరు వెనక్కి తంతుంది, ఎంత సిమెంటు పోసినా అంతే. మేస్త్రీల దగ్గర లెవెల్ చూసే నీళ్లు నింపిన ట్యూబు ఉంటుంది కదా, దానితో పావుగంటలో ఈ సంగతి తేలిపోతుంది.

ఇంకుడు గుంత ఉంది అంటారు. మంచిదే. అడుగున పెద్ద రాళ్లు, మధ్యలో కంకర, పైన ముతక ఇసుక. పై ఇసుకని ఏటా వానలకి ముందు గీకి మార్చకపోతే బురద పొర కట్టి రెండేళ్లలో మూసుకుపోతుంది. పైగా మన వైపు పెద్ద వానలు తుపానుతో వస్తాయి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. అప్పటికి నేల నాలుగు నెలలు నాని ఉంటుంది, గుంత తాగేది తక్కువ. ఆ రోజు పనిచేసేది కాలువ ఒక్కటే.

హోటళ్లుంటే ఇంకో చిక్కు. 100 కుర్చీల హోటలుకి రోజుకి 7,000 లీటర్ల నీళ్ల లెక్క వేస్తారు. కడిగిన నీళ్లలో నూనె ఉంటుంది. సెప్టిక్ ట్యాంకుకి ముందు గ్రీజ్ ట్రాప్ (జిడ్డుని ఆపే తొట్టి) పెట్టి, వారానికోసారి పైన తేలిన జిడ్డు తీయకపోతే, అది వీధి కాలువలో చల్లబడి గోడలకి తెల్లగా అట్టలు కడుతుంది.

అపోహ: మాల్ వస్తే మన ఇళ్లకి వోల్టేజ్ పడిపోతుంది.

పెద్ద మాల్ హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ తీసుకుని సొంత ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటుంది. మీ ఫ్యాన్ నెమ్మదించడానికి కారణం చాలాసార్లు అది కాదు. దాన్ని చూసి చుట్టూ పుట్టుకొచ్చే పది దుకాణాల చిన్న కాంప్లెక్సులు. దుకాణానికి రెండేసి ఏసీలు, ఒక్కోటి ఒకటిన్నర కిలోవాట్లు అనుకుంటే 30 కిలోవాట్లు. 100 కేవీఏ (ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్ల సామర్థ్యం కొలిచే లెక్క) వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లో మూడో వంతు అక్కడికే పోయింది. కాబట్టి వీధి తరఫున మన కరెంటు కంపెనీ టీపీఎస్‌ఓడీఎల్‌కి రాసే అర్జీలో ఫలానా మాల్ అని కాకుండా, ట్రాన్స్‌ఫార్మర్ నంబరు, దాని మీద కొత్తగా వచ్చిన కనెక్షన్ల సంఖ్య, రాత్రి 8 గంటలకి ఇంట్లో మీటరుతో చూసిన వోల్టేజ్ రాయండి.

జనరేటర్ గోల మాత్రం మాల్‌దే. కవరున్న జనరేటర్ మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఇళ్ల ప్రాంతంలో పరిమితి 45. పొగ గొట్టానికి కూడా లెక్క ఉంది: కేవీఏకి వర్గమూలం తీసి 0.2తో గుణించి, వచ్చిన మీటర్లని బిల్డింగు ఎత్తుకి కలపాలి. 100 కేవీఏ అయితే కప్పు కన్నా 2 మీటర్లు పైకి. గోడ పక్కన వంగి మీ కిటికీ వైపు చూస్తున్న గొట్టం తప్పే.

అపోహ: కిరాణా కొట్లన్నీ మూతపడతాయి.

నెలవారీ సరుకులు పోతాయి: నూనె డబ్బాలు, సబ్బు పొడి, ఐదు కిలోల ఆటా. వాటి మీదే బతికే కొట్టుకి దెబ్బే. సాయంత్రం పావుకిలో ఉల్లిపాయలు, ఖాతా మీద పాలు, పిల్లాడిని పంపితే ఇచ్చే కొట్టు నిలుస్తుంది. అసలు దెబ్బ తినేది తోపుడు బండ్లవాళ్లు. జనం పెరిగి మొదట వాళ్లకే లాభం, తర్వాత "అడ్డం" అని మొదట లేపేదీ వాళ్లనే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వాళ్ల సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా లేపకూడదు. చోటు మార్చాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వాళ్ల ప్రతినిధులే ఉండాలి. సర్వేలో పేరు రాయించుకున్నారో లేదో ఇప్పుడే చూసుకోమని మీ వీధి కూరగాయలావిడకి చెప్పండి.

అపోహ: ఇప్పుడే ఒక దుకాణం కొని పడేస్తే అద్దెలతో నిశ్చింత.

200 చదరపు అడుగుల దుకాణం అని బ్రోషర్లో ఉంటుంది, షట్టర్ తీసి టేపు పెడితే 120 వస్తుంది. మిగతాది వరండా, మెట్లు, లిఫ్టులో మీ వాటా అంటారు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కింద ధర చెప్పాల్సింది కార్పెట్ ఏరియాకి, అంటే గోడల లోపల వాడుకునే నేలకి. దుకాణాలు అమ్మే ప్రాజెక్టు జాగా 500 చదరపు మీటర్లు దాటినా, యూనిట్లు 8 దాటినా రెరా నంబరు ఉండాలి. రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతం కన్నా ఎక్కువ అడ్వాన్సు తీసుకోకూడదు. ప్లాన్‌లో ఇంకోటి చూడండి: నల్ల చతురస్రాలు, అంటే స్తంభాలు. షట్టర్‌కి ఎదురుగా అడుగున్నర స్తంభం నిలబడిన దుకాణం మూడేళ్లయినా అద్దెకి పోదు. ఎస్కలేటర్ బొమ్మ చూసి మొదటి అంతస్తు కొనకండి. అది ఆగిన రోజు నుంచి పై దుకాణాలకి మెట్లే దిక్కు.

అపోహ: అద్దాల ముఖం అంటే గట్టి కట్టడం.

గోపాల్‌పూర్ తీరానికి దగ్గర మనం. గాలి వేగం సెకనుకి 50 మీటర్లు పెట్టి డిజైన్ చేయాలి. ఆ గాలి చదరపు మీటరుకి దాదాపు 150 కిలోల బరువుతో తోస్తుంది. 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న హోర్డింగ్ మీద 2.7 టన్నులు. దాన్ని నాలుగంగుళాల పిట్టగోడకి బోల్టులు కొట్టి నిలబెడితే గోడతో సహా వీధిలోకి వస్తుంది. హోర్డింగ్ కాళ్లు కాంక్రీటు స్లాబులోకో స్తంభంలోకో దిగాలి.

అపోహ: అప్రూవల్ ఉంది కదా, ఇక అడగడానికేముంది?

అప్రూవల్ ఇచ్చేది గీతలకి. కట్టిన గోడలకి ఇచ్చేది ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఇక వాడుకోవచ్చనే కాగితం. ఈ రెంటి మధ్యలోనే పార్కింగ్ దుకాణమవుతుంది, వెనక మెట్లు స్టోర్‌రూమ్ అవుతాయి.

అసలు కాగితం ఇంకా వెనక ఉంది. పట్టాలో కిసమ్ (భూమి రకం) అన్న గడి చూడండి. వరి భూమి అని ఉంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ కింద వ్యవసాయేతర భూమిగా మార్పిడి అయి ఉండాలి. ఎస్సీ, ఎస్టీల పేరున్న భూమైతే సెక్షన్ 22 అనుమతి లేకుండా చేతులు మారకూడదు. రాయగడ, గుణుపురం, జయపురం వైపు లెక్కే వేరు: అవి షెడ్యూల్డ్ ప్రాంతాలు. అక్కడ 1956 నాటి 2వ రెగ్యులేషన్ కింద ఎస్టీ భూమి ఎస్టీ కానివాళ్లకి అమ్మడానికి వీల్లేదు. పార్వతీపురం వైపు వన్ ఆఫ్ సెవెంటీ (ఆంధ్రలో ఏజెన్సీ భూముల చట్టం) తెలిసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. అలాంటి జాగా మీద లేచిన కాంప్లెక్సులో దుకాణం కొన్నవాళ్లది దుకాణమూ పోయే, డబ్బూ పోయే పరిస్థితి.

మంజూరైన ప్లాన్ నకలు సమాచార హక్కు కింద అడగొచ్చు. ఒడిశాలో ఫారం-ఎ నింపి, 10 రూపాయల ఫీజు కట్టి, సైట్ ప్లాన్, పార్కింగ్ పట్టిక, డ్రైనేజ్ లెవెళ్ల షీటు కావాలని విడివిడిగా రాయండి. "అన్ని కాగితాలూ" అని రాస్తే ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపుతారు. జవాబుకి గడువు 30 రోజులు. షీట్లు చేతికొచ్చాక ముందు రోడ్డు వైపు ఖాళీ ఎన్ని మీటర్లని రాశారో చూసి, కంచె బయట నుంచే టేపు పట్టండి. పునాది గోతుల దశలోనే ఆ తేడా కనబడిపోతుంది.