మంద మేస్తే పచ్చిక చెడుతుందా? అపోహలు - వాస్తవాలు

అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో ఫ్లింట్ హిల్స్ అనే కొండ ప్రాంతం ఉంది. ఫ్లింట్ అంటే చెకుముకి రాయి. పైన మన్ను పలుచన, కింద సున్నపురాయి, చెకుముకి రాళ్లు. నాగలి దిగలేదు కాబట్టే ఇక్కడ గడ్డి మిగిలింది. ఒకప్పుడు ఉన్న పొడుగు గడ్డి ప్రెయిరీలో, అంటే సహజ గడ్డి మైదానంలో, ఇవాళ 4 శాతం కూడా లేదు. మిగిలినదాంట్లో పెద్ద భాగం ఈ కొండల మీదే ఉంది. ఇక్కడ మందలు పెంచే రాంచర్లతో తిరిగి, ఏ బీడులో ఎన్ని పశువులు, ఎన్నాళ్లు అని లెక్క చూడటం నా పని. పదే పదే నా చెవిన పడే మాటలు ఇవి.

అపోహ: పశువుల్ని తోలేస్తే పచ్చిక దానంతటదే బాగుపడుతుంది.

వాస్తవం: ఈ గడ్డి వేల ఏళ్లు బైసన్ అనే అడవి దున్నల మందలు మేస్తుంటే, మంటలు వచ్చిపోతుంటే పెరిగింది. రెండూ ఆగిపోతే ఎండుగడ్డి పేరుకుపోయి కింది మొక్కకు వెలుతురు అందదు. కొన్నేళ్లకు రెడ్ సీడర్ చెట్లు కమ్మేస్తాయి. కాన్సాస్‌లోనే ఉన్న మన్హాటన్ ఊరి దగ్గర కోంజా ప్రెయిరీలో బైసన్లను మళ్లీ వదిలి దాదాపు 30 ఏళ్లు గమనించారు. మేపు లేని నేలతో పోలిస్తే స్థానిక మొక్కల రకాలు రెట్టింపయ్యాయి. ఆవులు మేసిన చోటా పెరిగాయి గానీ అంతగా కాదు. ఆ ఫలితాలు 2022లో అచ్చయ్యాయి.

అపోహ: కంచెలు కట్టి మందను బీడు నుంచి బీడుకు తిప్పితే ఎన్ని పశువులనైనా మేపొచ్చు.

వాస్తవం: నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ నమ్మకమే, ఎందుకంటే దీన్ని నమ్మి అప్పు చేసి కంచెలు వేసుకుంటారు. పశువుల సంఖ్య ఒకటే అయినప్పుడు, తిప్పి మేపినా ఒకేచోట మేపినా గడ్డి దిగుబడిలోనూ పశువు బరువులోనూ చాలా ప్రయోగాల్లో తేడా రాలేదని 2008లో వచ్చిన సమీక్ష తేల్చింది. తిప్పడం వృథా అనను. వాగు గట్లకు విశ్రాంతి ఇవ్వడానికి అది పనికొస్తుంది. కానీ ముందు తేలాల్సింది సంఖ్య.

ఆ సంఖ్య దగ్గరే తప్పు జరుగుతోంది. పాత లెక్క 1,000 పౌండ్ల ఆవుది, రోజుకు సుమారు 26 పౌండ్ల ఎండు మేత. ఇప్పటి ఆవులు 1,300, 1,400 పౌండ్లు తూగుతున్నాయి. తాతల నాటి 100 ఆవులే ఉన్నాయని రాంచర్ అనుకుంటాడు. నేల మాత్రం 130కి పైగా ఆవుల మేత ఇస్తోంది.

దీని దెబ్బ వేళ్లకు తగులుతుంది. గడ్డి ఆకును సగం వరకు తీస్తే వేరు పెరుగుదల దాదాపు ఆగదనీ, 80 శాతం తీస్తే పూర్తిగా ఆగిపోతుందనీ క్రైడర్ అనే శాస్త్రవేత్త 1955లోనే చూపించాడు. వేరు కురచైన గడ్డి వాన లేని ఆగస్టును తట్టుకోలేదు. అందుకే సగం మేపు, సగం వదులు అంటాం. ఆ మేపే సగం కూడా అంతా పశువు నోటికి చేరదు. తొక్కుడుకు, పేడకు, పురుగులకు పోగా నోటికి చేరేది మొత్తం గడ్డిలో పావు వంతే.

అపోహ: ఏప్రిల్‌లో బీడుకు నిప్పు పెట్టడమంటే మేత తగలబెట్టుకోవడమే.

వాస్తవం: బిగ్ బ్లూస్టెమ్ లాంటి గడ్డి మొగ్గలు నేలలో ఉంటాయి. మంట పైనుంచి పోతుంది, లేత చిగురు వస్తుంది, కోడెదూడలు బాగా బరువెక్కుతాయి. అయితే ఏటా బీడంతా తగలబెడితే ప్రెయిరీ కోళ్లకు గూడు కట్టుకునే చాటు ఉండదు. ఏటా మూడో వంతు చొప్పున కాల్చే పద్ధతి నాకిష్టం. మంద కొత్త చిగురు వెంటే పోతుంది, మిగతా రెండు వంతులకూ కంచె లేకుండానే విశ్రాంతి దొరుకుతుంది.

అపోహ: పచ్చగా ఉంటే బాగున్నట్టే.

వాస్తవం: ఏది పచ్చగా ఉందో కిందికి వంగి చూడండి. సెరీషియా లెస్పిడీజా అనే కలుపు మొక్క కూడా పచ్చగానే ఉంటుంది. టానిన్లనే వగరు పదార్థాల వల్ల ముదిరినదాన్ని పశువు ముట్టదు, అది గడ్డిని మింగేస్తుంది.

అపోహ: కరువు వస్తే అప్పుడు చూద్దాం.

వాస్తవం: ఇక్కడి గడ్డి ఏడాది పెరుగుదలలో ఎక్కువ భాగం జులై నడుమకే అయిపోతుంది. జూన్ ఆఖరుకు వాన ఇంత కంటే తక్కువైతే ఏ దూడల్ని ముందు అమ్మాలో మంద బీడులోకి దిగక ముందే కాగితం మీద రాసి పెట్టుకోమంటాను. వాన ముఖం చాటేశాక టెన్షన్‌లో ఎవరికీ చెయ్యి ఆడదు, ఆ ఆలస్యమంతా గడ్డే భరిస్తుంది.