కుందేలుకు డాక్టరెందుకు అంటారా? వరంగల్ పెంపకందారుల్లో ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

అపోహ: సంతలో కొన్ని వందలకు జత దొరుకుతుంది, దానికి వేలు పెట్టి వైద్యమా?

కొన్న ధరకూ వైద్యం ఖర్చుకూ సంబంధం లేదు. ఒళ్లు చిన్నది కాబట్టి మందు తక్కువే పడుతుంది. కానీ నోటి లోపలి దంతాలు సరిగా చూడాలంటే మత్తు ఇవ్వాలి, కడుపు సంగతి తేలాలంటే ఎక్స్‌రే తీయాలి. బిల్లు పెరిగేది అక్కడే. అంతకంటే ఎక్కువగా పెంచేది ఆలస్యం. మేత మానేసిన సాయంత్రమే తెస్తే నొప్పి మందు, చర్మం కింద సెలైన్, తినిపించే పద్ధతి చెప్పడంతో చాలావరకు తేలిపోతుంది. మూడో రోజు తెస్తే ఒళ్లు చల్లబడి ఉంటుంది. అప్పుడు నరానికి సెలైన్, వెచ్చదనం, రాత్రంతా కాపలా కావాలి, అయినా ప్రాణం దక్కుతుందని చెప్పలేం.

పెంపుడు కుందేలు బాగా చూసుకుంటే 8 నుంచి 10 ఏళ్లు బతుకుతుంది. నెలకు 300 రూపాయలు పక్కన పెడితే ఏడాదికి 3,600 చేతిలో ఉంటాయి. డబ్బు లేదని ఇంట్లో ఉంచేయకండి. పశువుల దవాఖానలో చూపించండి. వరంగల్ దగ్గరి మామునూరులో, జగిత్యాల జిల్లా కోరుట్లలో పశువైద్య కళాశాలలున్నాయి, అక్కడా అడగవచ్చు.

అపోహ: తింటూ తిరుగుతోందంటే బాగున్నట్టే.

వేటాడే జంతువులకు ఆహారమయ్యే జీవి ఇది, నొప్పిని దాచుకుంటుంది. బయటికి కనిపించేసరికి జబ్బు ముదిరి ఉంటుంది. అందుకే వారానికోసారి, మేత పెట్టకముందు, పది నిమిషాలు కేటాయించాలి.

మొదట బరువు. వంటింటి డిజిటల్ త్రాసు మీద గిన్నె పెట్టి, సున్నా చేసి, అందులో కూర్చోబెట్టండి. అంకెను క్యాలెండర్ మీద రాయండి. 2 కిలోల కుందేలు 100 గ్రాములు తగ్గితే గమనించాలి, 200 గ్రాములు తగ్గితే ఆ రోజే చూపించాలి. తర్వాత పెదవి కాస్త పైకెత్తి ముందు పళ్లు చూడండి, పైవి కింది వాటి ముందుకు వచ్చి ఆనాలి. గడ్డం కింద వేళ్లు పెట్టండి. తడిగా ఉంటే లోపలి దవడ పళ్ల అంచు సూదిలా పెరిగి నాలుకను గీస్తూ ఉండవచ్చు. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతాయి, పై ముందు పళ్లయితే వారానికి దాదాపు 2 మి.మీ. చెక్క కొరికితే అవి సరిగా అరగవు, గడ్డిని గంటల తరబడి నమిలితేనే అరుగుతాయి. నెయిల్ కట్టర్‌తో పళ్లు కత్తిరిస్తే నిలువునా చీలి వేరు దాకా చీము పడుతుంది.

ముందు కాళ్ల లోపలి వైపు బొచ్చు అట్టకట్టి ఉంటే, చీమిడి తుడుచుకుంటోందని అర్థం. చెవి లోపల ఎండిన బురద పెళ్లల్లా గోధుమ రంగు పొరలు కనిపిస్తే అది చెవి గజ్జి. ఆ పొరలు పీకొద్దు, కింద పచ్చి పుండు ఉంటుంది. మందు పడ్డాక అవే రాలిపోతాయి. వెనక భాగం తడిగా, మురికిగా ఉంటే వానాకాలంలో ఈగలు గుడ్లు పెట్టి ఒక్క రోజులోనే పురుగులు పడతాయి. తీగల పంజరంలో ఉంచితే మడమల కింద బొచ్చు పోయి పుండ్లవుతాయి. చెవులు పట్టి ఎప్పుడూ ఎత్తవద్దు. ఛాతీ కింద ఒక చెయ్యి, వెనక కాళ్ల కింద ఒక చెయ్యి ఉండాలి, లేకపోతే గింజుకుని నడుము విరుగుతుంది.

అపోహ: ఒక పూట తినకపోతే ఏమవుతుంది, పొద్దున చూద్దాం.

మిగతావి మరిచిపోయినా ఇది గుర్తుంచుకోండి. కుందేలు పేగు ఆగకూడదు. 10, 12 గంటలు మేత ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా అత్యవసరమే. పెంటికలు ఆగకముందే చెబుతాయి: చిన్నవవుతాయి, నల్లబడతాయి, వెంట్రుకతో దండలా కట్టుకుని వస్తాయి. మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 103 ఫారెన్‌హీట్. 100 కంటే తగ్గితే వెచ్చటి గుడ్డలో చుట్టి వెంటనే బయల్దేరండి. పొట్ట డప్పులా బిగిస్తే సిరంజితో ఏమీ పట్టొద్దు, లోపల అడ్డం పడి ఉండవచ్చు.

అపోహ: కుందేలు నీళ్లు తాగితే చచ్చిపోతుంది, ఆకుల్లోని నీరు చాలు.

చచ్చేది నీళ్లు లేకే. కిలో బరువుకు రోజుకు 50 నుంచి 150 మి.లీ. తాగుతుంది, మే నెలలో ఇంకా ఎక్కువ. నీళ్లు తగ్గితే పేగులో మేత గట్టిపడుతుంది. బరువైన మట్టి గిన్నెలో పెడితే తన్నేయదు, పైగా నీళ్లు చల్లగా ఉంటాయి.

అపోహ: మందుల షాపులో అడిగి ఏదో ఒకటి వేస్తే ఖర్చు తప్పుతుంది.

పిల్లలకు వాడే అమాక్సిసిలిన్ సిరప్ నోటి ద్వారా పడితే పేగులోని మంచి బ్యాక్టీరియా చచ్చి, విరేచనాలతో కుందేలు పోతుంది. కుక్కల పిడుదులకు వేసే ఫిప్రోనిల్ చుక్కలు దీనికి విషం. గజ్జికి డాక్టర్లు సాధారణంగా వాడే ఐవర్‌మెక్టిన్ కూడా కుందేలు బరువును గ్రాముల్లో తూచి, దాని ప్రకారమే ఇవ్వాల్సిందే.

అపోహ: ఆపరేషన్ ముందు రాత్రంతా పస్తు ఉంచాలి.

కుందేలుకు వాంతి చేసుకోవడం సాధ్యం కాదు, కాబట్టి మత్తులో కక్కుకుంటుందన్న భయం లేదు. పస్తుంచితే పేగు ఆగిపోతుంది. బయల్దేరే వరకు గడ్డి ఉండాలి, మత్తు దిగాక మళ్లీ పెట్టాలి. ఆడదానికి 5, 6 నెలల వయసులో గర్భసంచి తీయించడం అనవసర ఖర్చు కాదు. తీయించకపోతే నాలుగేళ్లు దాటిన వాటిలో గర్భసంచి క్యాన్సర్ తరచుగా వస్తుంది. జత ఉంచితే 30, 31 రోజులకోసారి ఈతలే, వాటి మేత ఖర్చు వేరు.

మూత్రం ఎర్రగా వస్తే వెంటనే రక్తమనుకోవద్దు, కొన్ని ఆకులు తిన్నా ఆ రంగు వస్తుంది. ముక్కుతూ పోస్తే మాత్రం చూపించాలి. కుక్కల టీకాలు కుందేలుకు వేయించకండి.

అపోహ: చేను గట్టు గడ్డి ఉచితం, అదే మంచిది.

గరిక నిజంగా మంచి మేత. కానీ ఇక్కడ పత్తి, మిర్చి చేలకు మందు కొడతారు, గట్టు మీది గడ్డి మీదా పడుతుంది. ఎప్పుడు కొట్టారో రైతును అడగకుండా కోయకండి. కలుపు మందు కొట్టిన గట్టయితే అసలే వద్దు.

దవాఖానకు వెళ్లే ముందు ఫోన్‌లో అడగండి: కుందేళ్లు చూస్తారా, దవడ పళ్లు చూసే పరికరం ఉందా, మళ్లీ రమ్మంటే మళ్లీ ఫీజు ఉంటుందా. హైదరాబాద్ తీసుకెళ్లాల్సి వస్తే ఎండాకాలంలో తెల్లవారకముందే బయల్దేరండి, ఆ దూరం దాదాపు 150 కిలోమీటర్లు. బుట్టలో గడ్డి వేయండి, తడి గుడ్డ చుట్టిన ఐస్ సీసా పక్కన పెట్టండి, జత ఉంటే దాన్నీ వెంట తీసుకెళ్లండి. ముందు రోజు పెంటికలు కొన్ని చిన్న డబ్బాలో వేసుకుని, బరువులు రాసిన కాగితంతో పాటు డాక్టర్ చేతికివ్వండి.