నూరెంబర్గ్‌ని మార్చిన కార్యదర్శి

లూథరన్ సంఘాలు ఉన్న చోటల్లా ఒక తెల్ల గులాబీ గుర్తు కనిపిస్తుంది. మధ్యలో ఎర్రటి గుండె, అందులో నల్ల శిలువ. దాని అర్థమేమిటో, పోప్ అధికారాన్ని ఎదిరించి చర్చి సంస్కరణకు నడుం కట్టిన జర్మన్ మతబోధకుడు మార్టిన్ లూథర్ 1530 జూలై 8న ఒక ఉత్తరంలో వివరించాడు. ఆ ఉత్తరం వెళ్లింది ఏ రాజుకో బిషప్పుకో కాదు, జర్మనీలోని నూరెంబర్గ్ నగర మండలి కార్యదర్శి లాజరస్ స్పెంగ్లర్‌కి.

స్పెంగ్లర్ 1479లో నూరెంబర్గ్‌లోనే పుట్టాడు. ఇరవై ఒక్క మంది పిల్లల్లో తొమ్మిదోవాడు. తండ్రిదీ మండలి కచేరీలో ఇదే ఉద్యోగం. లైప్‌జిగ్‌లో చదువుకుంటుండగా 1496లో తండ్రి పోవడంతో చదువు మధ్యలో ఆపి ఇంటికొచ్చాడు. నగర కచేరీలో రాతపనికి చేరి, 1507లో ప్రధాన కార్యదర్శి అయ్యాడు.

నూరెంబర్గ్ అప్పట్లో నేరుగా పవిత్ర రోమన్ చక్రవర్తి కింద ఉండే స్వతంత్ర నగరం. అధికారం కొన్ని పాత సంపన్న కుటుంబాలది. కార్యదర్శికి మండలిలో ఓటు లేదు. కానీ ప్రతి సమావేశంలో కూర్చునేది అతనే, తీర్మానాలూ ఉత్తరాలూ రాసేదీ అతనే. ఏళ్ల తరబడి అదే కుర్చీలో ఉన్న మనిషి మాటకు ఎంత బరువుంటుందో ప్రభుత్వ కచేరీల సంగతి తెలిసినవారికి చెప్పక్కర్లేదు.

1519లో లూథర్‌ను సమర్థిస్తూ స్పెంగ్లర్ జర్మన్‌లో ఒక చిన్న పుస్తకం రాశాడు. పండితుల లాటిన్ రాని మామూలు మనిషి కూడా చదవగలిగిన పుస్తకం. దాని ఫలితం త్వరగానే ఎదురైంది. మరుసటి ఏడాది పోప్ హెచ్చరిక శాసనాన్ని జర్మనీకి తెచ్చిన, లూథర్‌ని వ్యతిరేకించిన కాథలిక్ పండితుడు యోహాన్ ఎక్, లూథర్ పేరు పక్కన స్పెంగ్లర్ పేరునూ, అతని మిత్రుడు, పండితుడు విల్లిబాల్డ్ పిర్క్‌హైమర్ పేరునూ చేర్చాడు. ఇద్దరూ క్షమాపణ కోరక తప్పలేదు. అయినా 1521 జనవరి నాటి, చర్చి నుంచి వెలివేసే పోప్ బహిష్కరణ శాసనంలో వాళ్ల పేర్లున్నాయి. అదే ఏడాది లూథర్‌ను విచారించిన, వోర్మ్స్ పట్టణంలో జరిగిన చక్రవర్తి సభకు నగరం తరఫున వెళ్లినవారిలో స్పెంగ్లర్ కూడా ఉన్నాడు. ఇంత జరిగాక కూడా మండలి అతన్ని వదులుకోలేదన్నమాట.

1525 మార్చిలో మండలి లూథర్ పక్షం, పాత కాథలిక్ పక్షం బోధకులనూ పిలిచి బహిరంగంగా వాదన పెట్టించింది. ఆ తర్వాత నగరం లూథర్ సంస్కరణ వైపు నిలిచింది. అదే ఏడాది స్పెంగ్లర్ లూథర్ ఉండే విటెన్‌బర్గ్ వెళ్లి, అతని సహచరుడైన పండితుడు మెలాంక్తన్‌తో ఉన్నత పాఠశాల గురించి మాట్లాడాడు. 1526 మేలో ఆ పాఠశాలను మెలాంక్తనే స్వయంగా వచ్చి ప్రారంభించాడు. నా దృష్టిలో స్పెంగ్లర్ చేసిన పనుల్లో గొప్పది ఇదే.

కానీ ఈ కథకు ఇంకో వైపూ ఉంది. దాన్ని దాటేసి స్పెంగ్లర్‌ని పొగడటం అన్యాయం. సెయింట్ క్లారా సన్యాసినుల మఠానికి పెద్ద కారితాస్ పిర్క్‌హైమర్. విల్లిబాల్డ్‌కి సొంత అక్క, లాటిన్ బాగా వచ్చిన విదుషి. మండలి ఒత్తిడి తెచ్చినా మఠం వదలబోమని ఆమె, తోటి సన్యాసినులు తెగేసి చెప్పారు. మండలి వాళ్లకు పాత పద్ధతి ప్రార్థనలు లేకుండా చేసి, వాళ్లు కోరని బోధకులను పంపింది. కొందరు తల్లులైతే తమ కూతుళ్లను బలవంతంగా బయటికి లాక్కెళ్లారు. చివరికి మెలాంక్తన్ వచ్చి కారితాస్‌తో మాట్లాడాక ఒత్తిడి తగ్గింది. ఉన్నవాళ్లు ఉండొచ్చు, కొత్తవాళ్లు చేరకూడదన్నారు. మఠం అలా మెల్లగా అంతరించింది. అంతకుముందే, 1525 జనవరిలో, వేరుగా ఆలోచించిన బడిపంతులు హాన్స్ డెంక్‌ను నగరం నుంచి వెళ్లగొట్టారు. తన నమ్మకం కోసం బహిష్కరణ చూసిన మనిషి పనిచేసే కచేరీ నుంచే ఇవన్నీ నడిచాయి.

నమ్మకం విషయంలో పాలకులు బలవంతం చేయొచ్చా అన్న ప్రశ్న ఆ రోజుల్లోనే లేచింది. 1530లో నూరెంబర్గ్‌లో పేరు లేని ఒక పత్రం బయటికొచ్చింది. పాలకుల పని శాంతిని కాపాడటమే, విశ్వాసం విషయంలో ఎవరినీ బలవంతపెట్టే హక్కు వాళ్లకు లేదన్నది దాని వాదన. స్పెంగ్లర్ దానితో ఏకీభవించలేదు, దానికి జవాబు ఇవ్వమని క్రైస్తవ మత పండితులను అడిగాడు. ఆ పత్రం రాసింది గేయోర్గ్ ఫ్రోలిష్ అని చరిత్రకారులు భావిస్తారు. అతను పనిచేసిందీ ఆ నగర కచేరీలోనే. స్పెంగ్లర్ 1534 సెప్టెంబర్‌లో చనిపోయే నాటికి నూరెంబర్గ్‌లో చర్చి వ్యవహారాలు పూర్తిగా మండలి చేతిలో ఉన్నాయి.