చిత్తు చిత్రంలోని మనిషి ఎవరు?

న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియంలో 28.9 సెంటీమీటర్ల ఎత్తు, 21.4 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఒక కాగితం ఉంది. మన గడపలకు పూసే జాజుకు రంగునిచ్చే ఇనుప ఆక్సైడే ఎరుపునిచ్చిన సుద్దతో, ఇటలీ చిత్రకారుడు మైకెలాంజెలో 1510–11 ప్రాంతంలో దాని మీద ఒక నగ్నదేహాన్ని వెనుక వైపు నుంచి గీశాడు. వెన్ను మెలి తిరిగి ఉంది; భుజాల కండరాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. మిగిలిన ఖాళీలో అదే ముఖాన్ని, చేతిని, ఒంటి బరువు మోసే కాలివేళ్లను మళ్లీ గీసి చూసుకున్నాడు.

ఈ కాగితం ఒక్కటే మిగిలి ఉంటే, ఇది ఎవరో యువకుడి బొమ్మ అనుకుని ఊరుకునేవాళ్లం. కానీ వాటికన్‌లోని ప్రార్థనామందిరమైన సిస్టీన్ చాపెల్ కప్పు మీద మైకెలాంజెలోయే వేసిన చిత్రంలో ఇదే భంగిమలో, పెద్ద గ్రంథాన్ని రెండు చేతులా పట్టుకుని ఉన్నది లిబియన్ సిబిల్, అంటే భవిష్యవాణి పలికే స్త్రీ. ఆనాటి చిత్రశాలల్లో శిష్యులైన కుర్రవాళ్లే ఎక్కువగా భంగిమ పట్టి నిలబడేవారు కనుక, స్త్రీమూర్తికి కూడా పురుషదేహమే ఆధారమయ్యేది.

చిత్తు చిత్రాల్లోని వ్యక్తిని గుర్తుపట్టడం ఎందుకు కష్టమో ఇక్కడే తెలుస్తుంది. పూర్తయిన చిత్రంలోని క్రైస్తవ సాధువును, తాళంచెవులుంటే పీటర్, బాణాలు గుచ్చుకుని ఉంటే సెబాస్టియన్ అని చూసేవారు పోల్చుకుంటారు. అయితే నడుము ఎంత తిరగాలి, బరువు ఏ కాలి మీద పడాలి అన్న చిక్కు విప్పుకుంటున్న చిత్రకారుడికి ఆ గుర్తులతో అప్పటికి పని లేదు. గీతల వెంట సూదితో పొడిచిన రంధ్రాలుంటే, వాటి మీద బొగ్గుపొడి మూటను తట్టి బొమ్మను గోడకో పలకకో దించారని తెలుస్తుంది. రంగుల అడుగున దాగిన తొలి గీతలను పరారుణ కిరణాలు బయటపెడతాయి. పూర్తయిన చిత్రమే నశించినప్పుడు మాత్రం ఈ ఆధారాలు మనల్ని ఎంతో దూరం తీసుకెళ్లలేవు. అలాంటి చోట ఊహతో ఒక పేరు తగిలించడం కన్నా ‘దేహ అధ్యయనం’ అని రాసి వదిలేయడమే నిజాయితీ అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇందుకు విండ్సర్‌లోని బ్రిటిష్ రాజకుటుంబ సేకరణలో ఉన్న మరో కాగితమే సాక్ష్యం. 1532లో మైకెలాంజెలో తన మిత్రుడు తొమ్మాసో దె కవాలియేరికి కానుకగా, పక్షి కాలేయాన్ని పొడుచుకు తినే శిక్షకు గురైన గ్రీకు పురాణ రాక్షసుడు టిటియస్‌ను నల్లసుద్దతో గీశాడు. అదే కాగితం వెనుక వైపు, ఆ దేహపు గీతల వెంటే సుద్దను నడిపి, పునరుత్థానం చెందుతున్న క్రీస్తును రూపొందించాడు. కాగితాన్ని తిప్పి నిలువుగా పట్టుకుంటే, బండ మీద పడి ఉన్న ఆ దేహమే సమాధి నుంచి పైకి లేస్తూ కనిపిస్తుంది.