పులుల పార్కు దగ్గర బస: మన ఊళ్ల నుంచి వెళ్లేవారి అపోహలు, వాస్తవాలు

విజయనగరంలో ప్రయాణాల ఏర్పాట్లు చూడడం నా వృత్తి. శ్రీకాకుళం, ఆమదాలవలస, బొబ్బిలి, పాలకొండల నుంచి కుటుంబాలు వస్తుంటాయి. ఒకప్పుడు కాశీ, తిరుపతి, అరకు అడిగేవారు. ఇప్పుడు పిల్లలకు అడవి చూపించాలని అడిగేవారు బాగా పెరిగారు. మన ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జాతీయ పార్కు లేదు. రాష్ట్రంలో ఉన్న పాపికొండ, శ్రీవేంకటేశ్వర, రాజీవ్ గాంధీ పార్కులు మూడూ మనకు దూరమే. పులి కోసం వెళ్లాలనుకునేవారికి నేను ఎక్కువగా చెప్పేది మధ్యప్రదేశ్‌లోని కన్హా. కారణం రైలు. సమతా ఎక్స్‌ప్రెస్‌ను విజయనగరంలో ఎక్కితే రాయగడ, రాయపూర్ దాటి గోందియాలో దిగవచ్చు. అక్కడి నుంచి బాలాఘాట్ మీదుగా కారులో సుమారు మూడు గంటలు.

వెళ్లి వచ్చినవారు నాకు ఫోను చేసి చెప్పే మాటల్లో పులి గురించి ఉండేది కొంతే. తెల్లవారుజామున వేడినీళ్లు రాలేదని, జీపు ఆలస్యమైందని, అమ్మగారు చలికి వణికిపోయారని, లేదంటే వంటమనిషి పిల్లకు ప్రేమగా పెరుగన్నం కలిపి ఇచ్చాడని చెబుతారు. పులి ఏ లాడ్జివారి చేతిలోనూ లేదు. నిద్ర, నీళ్లు, తిండి, వేళకు జీపు మాత్రం వారి చేతిలోనే ఉన్నాయి. బసను ఎంచుకోవలసింది వీటిని చూసి. ఇది తెలియకపోవడం వల్లే ఎన్నో కుటుంబాలు డబ్బు ఖర్చుపెట్టి నిరాశగా తిరిగి వస్తున్నాయి.

అపోహ: గది తీసుకుంటే సఫారీ కూడా వచ్చినట్టే.

ఎక్కువ నష్టం చేసేది ఇదే. గది వేరు, పార్కులోకి వెళ్లే పర్మిట్ వేరు. పర్మిట్ ఇచ్చేది ప్రభుత్వం. అది ఆన్‌లైన్‌లో ముందుగా తీసుకోవాలి. రోజుకు ఇన్ని వాహనాలే అన్న పరిమితి ఉంటుంది కాబట్టి దసరా, దీపావళి, సంక్రాంతి, వేసవి సెలవుల పర్మిట్లు చాలా ముందే అయిపోతాయి. గది దొరికింది కదా అని రైలెక్కి, అక్కడికి చేరాక గేటు బయటి నుంచే తిరిగి వచ్చేసినవారు ఉన్నారు. అందుకే నేను ముందు పర్మిట్ చూస్తాను, తరువాత గది, ఆ తరువాతే రైలు టికెట్లు. మనవాళ్లకు ఈ వరుస తలకిందులుగా అనిపిస్తుంది. కానీ మూడింటిలో తక్కువ దొరికేది పర్మిటే.

కొన్ని లాడ్జీలు గది, మూడు పూటల భోజనం, సఫారీలు కలిపి ‘జంగిల్ ప్లాన్’ పేరుతో ఒకే ధర చెబుతాయి. అది మంచి ఏర్పాటే. అయితే అందులో ఎన్ని సఫారీలు, జీపు మొత్తం మనకేనా లేక ఇతరులతో కలిసి కూర్చోవాలా, గైడు రుసుము అందులోనే ఉందా అని అడిగి, సమాధానం రాతపూర్వకంగా తీసుకోండి. పర్మిట్‌లో రాసిన పేరు, గుర్తింపు కార్డు నంబరు మీ వెంట ఉన్న అసలు కార్డుతో సరిపోవాలి. ఫోనులో ఫొటో ఉందిలే అనుకోవద్దు.

అపోహ: కన్హా దగ్గర ఎక్కడ దిగినా ఒకటే.

కన్హాకు ఖటియా, ముక్కి, సర్హి అని గేట్లు ఉన్నాయి. పార్కు మండ్లా, బాలాఘాట్ జిల్లాల్లో పరుచుకుని ఉంది. ఖటియా మండ్లా వైపు, ముక్కి బాలాఘాట్ వైపు. పర్మిట్‌లో గేటు పేరు రాసి ఉంటుంది. ముక్కికి పర్మిట్ తీసుకుని ఖటియాలో గది తీసుకుంటే, చీకట్లో అడవి అంచు రోడ్డు మీద చుట్టూ తిరిగి వెళ్లాలి. తెల్లవారే వేళకు గేటు తెరుస్తారు. ఆ మొదటి గంటే జంతువులు బాగా తిరిగే సమయం. దాన్ని రోడ్డు మీద పోగొట్టుకోవడం బాధాకరం. గోందియా లేదా రాయపూర్ నుంచి వచ్చే మనకు ముక్కి వైపు అనుకూలం. లాడ్జీలు ఎక్కువగా ఉన్నది మాత్రం ఖటియా, దాని దగ్గరి మోచా ఊరి వైపు. తక్కువ ధర గదులు కూడా అక్కడే సులువుగా దొరుకుతాయి. ఎటు వెళ్లినా సరే, గదీ గేటూ ఒకే వైపు ఉండాలి.

అపోహ: ధర పెరిగితే పులి కనిపించే అవకాశం పెరుగుతుంది.

చౌక గదిలో ఉన్నవారైనా, కొలనూ విల్లాలూ ఉన్న రిసార్టులో దిగినవారైనా వెళ్లేది అదే గేటులోంచి, అదే దారుల్లో. అటవీశాఖ గైడు తప్పనిసరి. అతను గేటు దగ్గర వంతుల ప్రకారం వస్తాడు. ఖరీదైన చోట దొరికే అసలు లాభం వేరే ఉంది. కొన్నింటిలో చదువుకున్న నేచురలిస్టు ఉంటారు. పక్షి కూత, పాదముద్ర, చెట్టు మీది గోళ్ల గీతలు అన్నీ విడమరిచి చెబుతారు. పిల్లలకు నిజంగా ఆసక్తి ఉంటే ఆ డబ్బుకు విలువ ఉంది. మంచి పరుపు, పెద్ద స్నానాలగది కోసమే అయితే, ఆ తేడా డబ్బుతో ఇంకొక సఫారీ చేయమని చెబుతాను. రెండు సఫారీల కంటే నాలుగు సఫారీలలో చూసేది కచ్చితంగా ఎక్కువ.

అపోహ: లాడ్జి అడవి మధ్యలో ఉంటుంది, వరండాలోంచి పులి కనిపిస్తుంది.

లాడ్జీలు దాదాపు అన్నీ గేటు బయట, పల్లెల పక్కన, పొలాల మధ్య ఉంటాయి. అక్కడ గోండు, బైగా గిరిజన కుటుంబాలు నివసిస్తాయి. లాడ్జి ఆవరణలో కొండముచ్చులు, పక్షులు, అప్పుడప్పుడు చుక్కల దుప్పులు కనిపిస్తాయి. పులి ఆ పల్లెల చుట్టుపక్కలకు రాదని కాదు. కంచె దాటి వచ్చిందంటే అది ఊరివాళ్లకు ఆపద. ఉద్దానం జీడితోటల్లోకి, పనసచెట్ల కిందికి ఎలుగుబంట్లు వస్తే మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు వాళ్లు ఎలా భయపడతారో మనకు తెలుసు. కురుపాం, సీతంపేట వైపు ఏనుగులు దిగితే పంట ఏమవుతుందో కూడా తెలుసు. అడవి జంతువును గదిలోంచి చూడాలన్న కోరికను ఆ కళ్లతో ఒకసారి ఆలోచించండి. చీకటి పడ్డాక ఆవరణ దాటవద్దని లాడ్జివారు చెబితే ఆ మాట వినండి. తినుబండారాలు వరండాలో వదలవద్దు.

అపోహ: జనవరి చలి మనకొక లెక్కా?

సంక్రాంతికి మన తీరంలో పొద్దున్నే భోగిమంట వేసుకుంటే చాలు. కన్హా మైదానాల గడ్డి మీద డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మంచు గడ్డకట్టడం కూడా ఉంది. పైగా మీరు కూర్చునేది తెరచిన జీపులో. గాలి ముఖాన్ని కోస్తుంది. ఊలు టోపీ, చేతి తొడుగులు, రెండు జతల మేజోళ్లు, పైన గాలి చొరని కోటు కావాలి. ఒకటే మందపాటి స్వెటర్ కంటే పొరలు పొరలుగా వేసుకోవడం మంచిది. తొమ్మిది దాటేసరికి ఎండ వచ్చి ఒక్కొక్కటి తీసేయవలసి వస్తుంది. జీపులోకి దుప్పట్లు, వేడినీళ్ల సంచులు ఇస్తారా అని గది తీసుకునేటప్పుడే అడగండి. మంచి లాడ్జివారు అడగకుండానే ఇస్తారు.

వేడినీళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చాలాచోట్ల నీళ్లు కాచేది సౌరశక్తితో. సాయంత్రం పొగలు కక్కే నీళ్లు తెల్లవారుజాము నాలుగున్నరకు చల్లబడి ఉంటాయి. ‘వేడినీళ్లు ఉన్నాయా?’ అని అడిగితే ఉన్నాయనే అంటారు. ‘తెల్లవారుజామున నాలుగున్నరకు ఉంటాయా?’ అని అడగాలి. గీజరు లేకపోతే బకెట్టుతో తెచ్చిస్తారా అని అడగాలి. స్నానం చేయనిదే బయట అడుగుపెట్టని పెద్దవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు కదా. సఫారీ అయ్యాక పదకొండు గంటలకు ఎండలో చేద్దామని వారిని ఒప్పించగలిగితే ఇంకా మంచిది.

ఇక నెల విషయం. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అయ్యాక వెళదామని విజయనగరం వాళ్లు అంటారు. అప్పటికి పార్కు తెరిచి కొద్ది రోజులే అయి ఉంటుంది. జూలై నుంచి సెప్టెంబరు చివరి వరకు లోపలి అడవి మూసి ఉంటుంది. అక్టోబరులో సాల్ చెట్లు, గడ్డి పచ్చగా నిగనిగలాడుతూ చూడముచ్చటగా ఉంటాయి. కానీ ఆ ఎత్తైన గడ్డిలో పులి పక్కనే ఉన్నా కనిపించకపోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు తగ్గి, జంతువులు నీటిగుంటల దగ్గరికి వస్తాయి. పులి మీదే మనసు ఉంటే అప్పుడు వెళ్లండి. ఎండను భరించాలి, గదికి ఏసీ ఉండాలి. అడవి మొత్తం మీద ఇష్టం ఉంటే ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో వెళ్లమంటాను.

అపోహ: అక్కడ అన్నం దొరకదు.

ఈ భయంతో కుక్కరు, బియ్యం మోసుకెళ్లేవారు ఉన్నారు. నిజానికి బాలాఘాట్ వరి పండే జిల్లా. అక్కడి చిన్నోర్ అనే సువాసన బియ్యానికి 2021లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ముందురోజు చెబితే ఏ వంటగదిలోనైనా అన్నం, పప్పు, పెరుగు పెడతారు. ఆవకాయ సీసా మాత్రం వెంట ఉంచుకోండి, అది అక్కడ దొరకదు. రాత్రి ఎనిమిదిన్నరకల్లా భోజనాలు అయిపోతాయి. పదింటికి తినే అలవాటు ఉన్నవారు అక్కడ ఆ రెండు రోజులూ మానుకోవాలి. పొద్దున టీ, బిస్కట్లతో బయలుదేరితే, కట్టించుకున్న ఫలహారం లోపల అనుమతించిన చోటే దిగి తినాలి. మధ్యలో ఎక్కడా దిగనివ్వరు. మరుగుదొడ్డి కూడా ఆ ఆగే చోటే. చక్కెర వ్యాధి ఉన్నవారు, చిన్నపిల్లలతో వెళ్లేవారు ఇది ముందే ఆలోచించుకోవాలి.

అపోహ: జీపు ప్రయాణమే కదా, పెద్దవాళ్లకు ఇబ్బంది ఉండదు.

ఉదయం సఫారీ నాలుగైదు గంటలు సాగుతుంది. మట్టిదారి, కుదుపులు, దుమ్ము. చివరి వరుస సరిగ్గా వెనకచక్రాల మీద ఉంటుంది కాబట్టి నడుము, మోకాళ్ల నొప్పులు ఉన్నవారిని డ్రైవరు వెనక వరుసలో కూర్చోబెట్టండి. ఉదయం ఒక్కటి చేసి సాయంత్రం విశ్రాంతి తీసుకోమనండి. విశ్రాంతి పూటగా బుధవారం సాయంత్రాన్ని పెట్టుకుంటే మరీ మంచిది, ఎందుకంటే ఆ పూట కన్హాలో సఫారీలు ఉండవు. చాలామంది ఇది తెలియక మంగళవారం రాత్రి చేరేలా ప్రణాళిక వేసుకుని ఒక పూట పోగొట్టుకుంటారు. మహారాష్ట్రలోని తాడోబా పులుల పార్కుకు వెళ్తే అక్కడ సెలవు మంగళవారం.

అపోహ: పులి కనిపించకపోతే ప్రయాణం వృథా.

ఈ మాట విన్నప్పుడల్లా నా మనసుకు కష్టమనిపిస్తుంది. ఒకప్పుడు కన్హాలో మాత్రమే మిగిలిన, గట్టినేల మీద బతికే బారాసింగా దుప్పి ఉంది. 1970లో అక్కడ లెక్కపెడితే అరవై ఆరు మిగిలాయి. అటవీశాఖ వాళ్లు కంచె కట్టి, గడ్డి మైదానాలు పెంచి, కాపాడి, వాటిని మళ్లీ వందల్లోకి తెచ్చారు. కొమ్మల్లాంటి కొమ్ములతో మైదానంలో నిలబడిన ఆ జంతువు పక్క నుంచి ‘పులి ఎక్కడ, పులి ఎక్కడ’ అంటూ జీపును తోలించుకుపోతారు. అడవిదున్న, కణితి, రేచుకుక్కలు, ఎలుగుబంటి అన్నీ అక్కడ ఉన్నాయి. పేర్లన్నీ మన కొండల వల్ల మనకు తెలిసినవే. వెళ్లేముందు పిల్లలకు ఆ బొమ్మలు చూపించి పేర్లు నేర్పండి. కొండముచ్చు అరుపు, దుప్పి హెచ్చరిక కూత ఎలా ఉంటాయో గైడును అడిగి తెలుసుకోమనండి. అలా వెళ్లిన పిల్లలు పులి కనిపించకపోయినా కథలు కథలుగా చెబుతారు.

లాడ్జి గురించి రాసే రివ్యూల్లో కూడా ఇదే పులి గోల. పులి కనిపించలేదని ఒక్క నక్షత్రం ఇస్తారు, కనిపించిందని ఐదు ఇస్తారు. రెండూ చదివేవారికి ఉపయోగపడవు. మీరు చదివేటప్పుడు అది ఏ నెలలో రాసినదో చూడండి. జీపు వేళకు వచ్చిందా, కరెంటు పోతే ఏం చేశారు, ఫోను సిగ్నల్ ఉందా, శాకాహారం వేరుగా వండారా అన్న వాక్యాలు వెతకండి. మీరు రాసేటప్పుడూ అవే రాయండి. మీ కోసం మూడున్నరకు లేచి టీ కాచిన వంటమనిషిని, దుప్పటి తెచ్చిన కుర్రవాడిని ప్రస్తావించండి. వారిలో ఎక్కువమంది ఆ చుట్టుపక్కల పల్లెల వాళ్లే. అలాంటి రెండు వాక్యాలతో వారి ఉద్యోగానికి మేలు జరుగుతుంది.

రాత్రి పాటలు పెట్టుకోవచ్చా అని కూడా అడుగుతారు. వద్దు. పక్కగదివాళ్లు నాలుగింటికి లేవాలి, కంచె అవతల జంతువులు తిరగాలి.

అపోహ: ఇవన్నీ చూడాలంటే అంతదూరం వెళ్లక తప్పదు.

పులికి తప్పదు. అడవి చూడడానికి కావలసిన ఓపిక నేర్చుకోవడానికి మన తేలినీలాపురం చాలు. టెక్కలి దగ్గర ఆ ఊరి చెట్ల మీద గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. అవి సైబీరియా నుంచి వస్తాయని తరచూ రాస్తుంటారు. నిజానికి ఈ రెండు జాతులూ దక్షిణాసియా, ఆగ్నేయాసియాల్లోనే బతికేవి. నీటినీ చేపలనూ బట్టి ఒకచోటి నుంచి మరొకచోటికి మారుతుంటాయి. సైబీరియా నుంచి చలికాలం గడపడానికి వచ్చే పక్షులు ఇక్కడ గూళ్లు కట్టవు, పిల్లల్ని అక్కడే పెడతాయి. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి వానాకాలం మొదట్లో ఓపెన్‌బిల్ కొంగలు వస్తాయి. అక్కడికి వెళ్లాలంటే జూలై, ఆగస్టు బాగుంటాయి. తేలినీలాపురానికైతే అక్టోబరు నుంచి మార్చి వరకు. బస టెక్కలిలోనో శ్రీకాకుళంలోనో చూసుకోండి, చీకటి ఉండగానే బయలుదేరండి, బైనాక్యులర్స్, ఫలహారం, నీళ్లు వెంట తీసుకెళ్లండి. గూళ్ల కిందికి వెళ్లి చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపవద్దని పిల్లలకు బయలుదేరేముందే చెప్పండి.